తమ్ముడి వెనక సముద్రం దాకా

మా ఊళ్ళో పెద్దవాళ్ళు పరిగెత్తరు. ఆడవాళ్ళు అసలే పరిగెత్తరు. ఎవరైనా పరుగున పోతూ కనిపించారంటే ఇంట్లో ఎవరో పడిపోయారనో, తోటకు నిప్పంటుకుందనో అర్థం. అందుకే ఆ సాయంత్రం నేను ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని సముద్రం దారిన పరిగెడుతుంటే, అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

“ఓలమ్మో! ఏటయిందే? ఎవులు పోయారు?” అని ఒక ముసలమ్మ కేకేసింది.

నేను ఆగలేదు. నాకు చాలా ముందు మా తమ్ముడు పరిగెడుతున్నాడు. వాడెందుకు పరిగెడుతున్నాడో నాకూ తెలియదు.

మాది ఉద్దానంలో, పలాసకూ సముద్రానికీ నడుమ ఉన్న ఊరు. నేను పలాసలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన కిడ్నీ జబ్బుతో పోయాక, మా వైపు ఎంతోమంది ఆడవాళ్ళలాగే నేనూ పుట్టింటి ఊరికి వచ్చేశాను. తమ్ముడి ఇంటి పక్క గదిలో నా కాపురం. మా వైపు అక్కను అప్ప అంటారు, వాడికి నేను అప్పను. వాడు కొబ్బరి రైతు. నాన్న నాటిన తోట వాడిది. తుపాను ఒక్క రాత్రిలో ఆ తోటను పడగొట్టేసింది. తెల్లారి వెళ్ళి చూస్తే చెట్లన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి. తమ్ముడు వాటి మధ్య ఒక మొదలు మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా లేవలేదు.

అంతకుముందు పండక్కో పెళ్ళికో తాగేవాడు. తర్వాత రోజూ తాగాడు. ఆ ఏళ్ళ సంగతి ఎక్కువ చెప్పను. తాగే ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఒక పొద్దున టీ గ్లాసు పట్టుకోబోతే చెయ్యి వణికి టీ అంతా పంచె మీద ఒలికిపోయింది. వాడు ఆ చేతినే చూసుకుంటూ, “అప్పా, నన్ను ఎక్కడికేనా తీసుకెల్లు. ఇది నా సెయ్యి కాదు” అన్నాడు.

శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. కొన్ని వారాలు అక్కడే ఉన్నాడు. మా ప్రాంతంవాళ్ళకు ఏ జబ్బొచ్చినా ముందు చేసే రక్తపరీక్ష వాడికీ చేశారు. కిడ్నీలు బాగానే ఉన్నాయని చెప్పినప్పుడు వాడి భార్య, మా మరదలు, ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చింది. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరుగారు వాడితో ఒక మాట అన్నారు. “ఒంటి సంగతి మాత్రలు చూసుకుంటాయి. మీ సాయంత్రాల సంగతి మాత్రలు చూడవు. ఆ వేళకి మీరు ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.”

ఆ మాట ఎంత నిజమో ఇంటికొచ్చాక తెలిసింది. పొద్దంతా బాగానే ఉండేవాడు. ఎండ పసుపురంగుకు తిరిగేసరికి వాడి కాలు ఊగడం మొదలయ్యేది. టీవీ పెట్టేవాడు, తీసేవాడు. పెరట్లోకి వెళ్ళేవాడు, వచ్చేవాడు. బోనులో ఉన్నట్టు తిరిగేవాడు. చూడలేక, “పద, సముద్రం దాకా నడిచొద్దాం” అన్నాను. అలా నడక మొదలైంది.

సముద్రం దారిలో, ఊరు దాటగానే ఒక కిరాణా కొట్టు. దాని వెనకే బెల్టు షాపు. ఎదురుగా కల్వర్టు గట్టు మీద తమ్ముడి పాత స్నేహితులు కూర్చుంటారు. మొదటి రోజుల్లో అక్కడికి వచ్చేసరికి వాడు నా భుజం పట్టుకునేవాడు. బడికి వెళ్ళనని మారాం చేసే చిన్నప్పుడు పట్టుకున్నట్టే. వాళ్ళు పలకరించేవారు, వీడు తలూపేవాడు, దాటిపోయేవాళ్ళం.

ఆ సాయంత్రం మాత్రం వాళ్ళలో ఒకడు గ్లాసుతో లేచి ఎదురొచ్చాడు. చెడ్డవాడు కాదు. వీడి మీద ప్రేమే.

“ఏటి బావా, మాటాడకుండా ఎలిపోతన్నావు? మేవేటి పాపం సేసినాం? ఒక్కపాలి కూకో. అప్పగారు ముందు నడుత్తారులే” అన్నాడు.

తమ్ముడు ఆగిపోయాడు. గ్లాసు వాడి ఛాతీకి జానెడు దూరంలో ఉంది. నా భుజం మీది చెయ్యి జారిపోవడం తెలిసింది. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు వాడు ఒక్క ఉదుటున పరుగందుకున్నాడు.

వెనక నేను. ఇసుక దారి, అటూ ఇటూ జీడితోటలు. పక్కటెముకల కింద సూది పొడిచినట్టు నొప్పి. గొంతులో ఉప్పు రుచి. చివరికి సరుగుడు చెట్లు దాటి ఒడ్డు మీద పడ్డాను. వాడు తడి ఇసుకలో మోకాళ్ళ మీద చేతులు పెట్టి, వంగి, కుక్కలా రొప్పుతున్నాడు.

“ఏటిరా? ఏటయింది నీకు?”

“నిలబడితే సెయ్యి సాపేత్తానప్పా. నడిస్తే ఎనక్కి తిరుగుతాను. అందుకే లగెత్తినాను.”

ఇసుకలో పక్కపక్కన కూలబడ్డాం. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. అలలు వచ్చి కాళ్ళు తడిపి పోతున్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న సముద్రమే. కానీ ఆ పూట అది నన్ను వెనక్కి తోసినంత పెద్దగా కనిపించింది. అప్పుడే ఒక సంగతి తట్టింది. కల్వర్టు దగ్గర నుంచి ఇక్కడి దాకా మా ఆయన గుర్తు రాలేదు. ఆయన పోయాక, మెలకువగా ఉండగా అంతసేపు ఆయన చివరి రోజులు కళ్ళముందు లేకుండా గడవడం అదే మొదటిసారి. పరుగు మా తమ్ముడిని పట్టుకోవడానికి. దొరికింది మాత్రం నాకింకేదో.

మర్నాడు సాయంత్రం వాడే నా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. “అప్పా, వత్తావేటి?”

తమ్ముడి కూతురు వదిలివెళ్ళిన పాత చుడీదారు తొడుక్కుని వెళ్ళాను. ఊరు నవ్వింది. ఉద్యోగం చేసే ఆడది, మొగుడు పోయినది, తాగుబోతు తమ్ముడితో కలిసి పరుగేమిటని కొందరు ముక్కున వేలేసుకున్నారు. కల్వర్టు దగ్గరికి రాగానే మేం పరుగందుకునేవాళ్ళం. గట్టు మీద వాళ్ళు చప్పట్లు కొట్టేవారు, ఈలలు వేసేవారు. కొన్నాళ్ళకు ఈలలు ఆగిపోయాయి. ఇంకొన్నాళ్ళకు, గ్లాసుతో ఎదురొచ్చిన మనిషే మమ్మల్ని చూడగానే కాళ్ళు ముడుచుకుని దారి వదిలేవాడు.

మాకు పరిగెత్తడం రాదు. అదొక విద్య అని కూడా తెలియదు. ఊపిరి అందినంత మేర పరుగు, అందకపోతే నడక. ఆ మొదటి సాయంత్రం భయం లాక్కెళ్ళింది గానీ, తర్వాత వాడు ఒక తోట గట్టు నుంచి ఇంకో తోట గట్టు దాకా పరిగెత్తి ఆగిపోయేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆగే చోటు ముందుకు జరిగింది. ఆగకుండా సముద్రాన్ని చేరిన సాయంత్రం, వాడు నీళ్ళలోకి అలాగే పరిగెత్తుకెళ్ళి బోర్లా పడి నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోయిన నవ్వు. వాడికి పదేళ్ళప్పుడు ఉండేది.

శరీరం ఇంత క్షమిస్తుందని నాకు తెలియదు. అన్నేళ్ళు వాడు దాన్ని కాల్చాడు, పస్తులుంచాడు, కాలవల్లో పడేశాడు. అది ఏదీ మనసులో పెట్టుకోలేదు. కాస్త అడిగితే చాలు, తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు ఆకలి వచ్చింది. మెత్తళ్ళ చేపల పులుసుతో రెండోసారి అన్నం అడిగిన రోజు మా మరదలు చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. తర్వాత నిద్ర వచ్చింది. చేతుల వణుకు సన్నబడి సన్నబడి, ఒకరోజు గుర్తు తెచ్చుకుని చూస్తే లేదు. పిక్కలు గట్టిపడ్డాయి. నల్లబారిన ముఖంలోకి మళ్ళీ మనిషి వచ్చాడు.

నాలోనూ ఏదో కదిలింది. నిద్రమాత్ర లేనిదే కన్ను మూతపడని నేను పడుకోగానే నిద్రపోతున్నాను. బళ్ళో పద్యం చెబుతుంటే గొంతు పైకి లేస్తోంది. పిల్లలు ముందే కనిపెట్టారు. “టీచర్, మీరీమధ్య గట్టిగా సెప్తన్నారు” అన్నారు.

పరుగే అన్నీ చేసిందని నేను చెప్పను. వాడు మాత్రలు వేసుకున్నాడు, డాక్టరు రమ్మన్నప్పుడల్లా శ్రీకాకుళం వెళ్ళాడు. ఎండలో పరిగెత్తొద్దనీ, నీళ్ళు బాగా తాగమనీ ఆయన చెబితే సీసా నడుముకు కట్టుకుని బయల్దేరేవాడు. కానీ ఆ మాత్రలు నిలబడేందుకు నేల కావాలి కదా. ఆ నేలను వాడు రోజూ సాయంత్రం కాళ్ళతో తొక్కి గట్టిపరుచుకున్నాడు.

మా మరదలు సంగతి చెప్పాలి. వాడు ఇంటికి రాగానే తువ్వాలు అందిస్తున్నట్టు దగ్గరికొచ్చి ఊపిరి వాసన చూసేది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వాడు కూడా కదలకుండా నిలబడేవాడు, పరీక్షకు నిలబడ్డట్టు. వానాకాలం మొదట్లో ఒకరోజు, మేం తడిసి ముద్దయి వస్తే, ఆమె గుమ్మంలో నుంచే తువ్వాలు విసిరి, “బేగి తుడుసుకోండి, జలుబు సేత్తాది” అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. దగ్గరికి రాలేదు. తమ్ముడు తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. మాట్లాడితే ఇద్దరం ఏడ్చేస్తాం.

ఒడ్డు మీద చేపలు పట్టే జాలారుల పేట ఉంది. అక్కడివాళ్ళకు మొదట మేం పిచ్చివాళ్ళం. పని లేకుండా ఎవరైనా పరిగెడతారా? ఒక సాయంత్రం వాళ్ళు అలివి వల లాగుతున్నారు. సముద్రంలో అర్ధచంద్రంలా వేసిన పెద్ద వలను రెండు కొసలా తాళ్ళు పట్టి ఒడ్డుకు లాగడమన్నమాట. ఆ రోజు మనుషులు తక్కువ, వల బరువు. ఒక పెద్దాయన మమ్మల్ని చూసి అరిచాడు.

“ఓ పరుగు మావా! ఉత్తినే ఏటి లగెడతావు, ఇలాగొచ్చి ఓ సెయ్యెయ్యి! టీచరమ్మా, నువ్వూ రా!”

తాడు పట్టుకున్నాం. అది తడిసి ఇనుములా ఉంది. వాళ్ళ పాటకు అడుగు వెనక్కి, అడుగు వెనక్కి. అరచేతులు మండిపోయాయి. నా ముందు తమ్ముడి వీపు, వాడి ముందు జాలారుల వీపులు, అన్నీ ఒకేసారి వంగి ఒకేసారి లేస్తున్నాయి. వల గట్టెక్కేసరికి లోపల వెండి మరుగుతున్నట్టు చేపలు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ పెద్దాయన రెండు చేతులా చేపలు తీసి మా వాటాగా నా చున్నీలో పోశాడు. “సెయ్యేసినోళ్ళకి పాలుంటాది” అన్నాడు.

తిరిగి వస్తుంటే తమ్ముడు మండే అరచేతులు చూసుకుంటూ నడిచాడు. తర్వాత అన్నాడు. “ఇన్నావా అప్పా? పరుగు మావా అన్నాడు. ఊర్లో నన్ను తాగుబోతంటారు. కాపోతే తాగుడు మానేసినోడంటారు. రెండూ ఆ సీసా సుట్టూ తిరిగినియ్యే కదేటి? లగెడతన్నంతసేపూ నాను ఆ రెండూ కాను. ఈ ముసిలాయనకి ఆ రెండూ తెలీవు. ఆయనకి నాను లగెత్తేవోడిని, అంతే.”

వాడి నోట అంత పొడుగు మాట విని చాలా ఏళ్ళయింది. నేను పిల్లలకు వ్యాకరణం చెబుతూ నామవాచకం అంటే పేరు అని బతుకంతా చెప్పాను. ఒక మనిషికి కొత్త పేరు దొరకడం అంటే ఏమిటో ఆ జీడితోటల మధ్య, చేపల వాసన మధ్య తెలిసింది. అదే వారంలో పేటలోని చిన్నపిల్లలు నన్ను ‘పరుగు టీచరమ్మ’ అనడం మొదలుపెట్టారు. మా ఆయన పోయాక నాకు వచ్చిన పేర్లన్నీ పోయిన ఆయన్ని గుర్తు చేసేవే. ఇది ఒక్కటే నాది.

తర్వాత అమ్మవారి సంబరం వచ్చింది. ఊరంతా బంధువులు, డప్పులు, వేటపోతులు. తమ్ముడు మధ్యాహ్నం దాకా మాతోనే ఉన్నాడు. తర్వాత కనిపించలేదు. సాయంత్రానికి ఇద్దరు మనుషులు వాడిని మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. మరదలు కేకలు వేయలేదు. గోడకు చేరబడి కూర్చుంది. అదే ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు వాడు గదిలోంచి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. తలుపు దగ్గర నిలబడి పిలిస్తే, “ఎల్లిపో అప్పా” అన్నాడు. నాకు కోపం, బాధ, ఏం చేయాలో తోచనితనం. సాయంత్రమయ్యేసరికి నా కాళ్ళు ఊగడం మొదలుపెట్టాయి. ఆ సంగతి గమనించి ఉలిక్కిపడ్డాను. వాడి కోసం పరిగెడుతున్నానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. ఇప్పుడు వాడు లేడు, కాళ్ళు మాత్రం పదమంటున్నాయి. బయల్దేరాను.

ఒంటరిగా ఆ దారిన వెళ్ళడం అదే మొదటిసారి. సరుగుడు తోట దగ్గర చేపల గంపతో ఎదురైన పేట ఆడమనిషి ఆగింది.

“ఒక్కదానివే వత్తన్నావేటమ్మా? తమ్ముడేడీ?”

“ఒంట్లో బాగోలేదు.”

ఆమె నా ముఖం చూసింది. అర్థమైపోయింది. “మా ఇంటాయనా అంతేలే. పడ్డోడు లేత్తాడు, మల్లీ పడతాడు. నువ్వు మాత్రం ఆగిపోకు. నువ్వు లగెడతా ఉంటే ఆడికి దారి కనబడతాది” అని గంప సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆగకుండా సముద్రాన్ని చేరాను, మొదటిసారి, ఒక్కదాన్నే. మబ్బులు విడిపోయి నీళ్ళ మీద ఒక పెద్ద వెలుగు పరుచుకుని ఉంది. దాని ముందు నిలబడి నేను ఎవరి కోసమూ ఏమీ కోరుకోలేదు. ఊపిరి వస్తోంది, పోతోంది. అంత పెద్ద వెలుగులో నాకూ ఒక చోటు ఉంది. అంతే అనిపించింది. అంతకన్నా ఎక్కువ ఎవరికైనా ఏం దొరుకుతుందో నాకు తెలియదు.

ఇంకో రెండు రోజులు అలా ఒంటరిగానే వెళ్ళాను. ఆ తర్వాతి సాయంత్రం నేను గుమ్మం దిగేసరికి వాడు బూట్లు వేసుకుని వీధిలో ఉన్నాడు. ముఖం వాచిపోయి ఉంది. కల్వర్టు దాటాక పరుగందుకున్నాం. సగం దారిలో వాడు పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. నీళ్ళిచ్చాను. పుక్కిలించి ఉమ్మి, చెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

“మల్లీ మొదటికొచ్చీసినానప్పా.”

“మొదట్లో ఈ గట్టు దాకా వచ్చేసరికి నీకు ఊపిరే లేదు. ఇప్పుడు మాట్లాడుతున్నావు” అన్నాను.

వాడు చెట్టు వదిలాడు. తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. “నిజవే. కాళ్ళు ఎక్కడికీ పోనేదు” అని, మళ్ళీ కదిలాడు. మర్నాడు తనే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళి డాక్టరుకు జరిగింది చెప్పి వచ్చాడు. ఆ తర్వాత వాడు తాగలేదు. రేపటి సంగతి నాకు తెలియదు. వాడికీ తెలియదంటాడు. ఈ సాయంత్రం సంగతి మాత్రం తెలుసంటాడు.

మా తమ్ముడికి ఒక్కతే కూతురు. విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. వాడు తాగే రోజుల్లో ఒకసారి ఆమెను తీసుకురావడానికి పలాస స్టేషనుకు వెళ్ళి, తోటి పిల్లల ముందు ప్లాట్‌ఫారం మీద పడిపోయాడు. ఆనాటి నుంచి ఆ పిల్ల ఏ బండికి వస్తోందో చెప్పేది కాదు. ఆటో ఎక్కి ఇంటికే వచ్చేది. తండ్రితో పొడిపొడిగా రెండు మాటలు, అంతే. వాడు మానేశాడని మేం ఫోనులో చెబితే, “సరే అత్తా” అనేది. ఎన్నిసార్లో విని ఉంది.

పోయిన శీతాకాలం సెలవులకు వస్తూ, తను ఎక్కబోయే బండి పేరు ఫోనులో నాకు చెప్పింది. తమ్ముడు పక్కనే ఉన్నాడు. “నాను తీసుకొత్తాను” అన్నాడు. తర్వాత మెల్లగా నాతో, “లగెత్తుకుని ఎల్తానప్పా. పలాస దాకా” అన్నాడు.

నేను వద్దన్నాను. ఆటోలోనే ముప్పావుగంట దారి. వాడు వినలేదు. తెల్లవారుజామున మంచులో బయల్దేరాడు. నేను పొడి చొక్కా, తువ్వాలు, అరటిపళ్ళు పట్టుకుని వెనక ఆటోలో వెళ్ళాను. దారిలో వాడిని దాటుకుంటూ వెళ్ళినప్పుడు ఆటో నెమ్మది చేయించాను. మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నాడు. అడుగు వెనక అడుగు, తొందర లేదు, అలుపు లేదు. ఆటోడ్రైవరు అద్దంలో చూస్తూ, “ఎవరండీ ఆయన? మిలిటరీయా?” అన్నాడు. “మా తమ్ముడు” అన్నాను. ఆ రెండు మాటలు అంత ధీమాగా నేనెప్పుడూ అనలేదు.

పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గ చేరేసరికి జీడి ఫ్యాక్టరీల పొగ వాసన, పనికి వెళ్ళే ఆడవాళ్ళ గుంపులు. వాడు స్టేషనుకు వచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. బండి ఆలస్యం. చొక్కా మార్చుకుని, అరటిపళ్ళు తిని, బెంచీ మీద కూర్చుని ఊపిరి కుదుటపరుచుకున్నాడు. బండి వచ్చింది. మేనకోడలు దిగి, ముందు నన్ను చూసింది. తర్వాత తండ్రిని చూసి ఆగిపోయింది. వాడు లేచి నిలబడ్డాడు. ఆమె కళ్ళు వాడి కాళ్ళ మీదికి, బురద కొట్టుకున్న బూట్ల మీదికి వెళ్ళాయి.

“మీ నాన్న ఇంటి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు” అన్నాను.

“ఏటి? ఇంటికాడ నుంచా? నాన్నా, కూకో ముందు, కూకో!” అంటూ గాబరాగా వాడిని బెంచీ మీద కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుంది. చదువు నేర్పిన అలవాటు. వాచీ చూస్తూ పెదవులు కదుపుతోంది. భయంతో పట్టుకున్న చెయ్యి. చూస్తుండగానే ఆమె ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. నమ్మలేక మళ్ళీ మొదటి నుంచి చూసింది.

“అత్తా,” అంది నాతో, కళ్ళు తండ్రి మీదే ఉంచి. “ఇంత దూరం లగెత్తొచ్చిన మనిషి నాడిలా లేదిది. మా క్లాసులో ఎవులికీ ఇంత నెమ్మదిగా కొట్టుకోదు.”

“బాగున్నట్టా, బాగోనట్టా?” అని అడిగాడు మా తమ్ముడు, భయపడుతూ.

ఆమె తండ్రి కళ్ళలోకి చూసింది. తలూపింది. బాగున్నట్టే అని. వాడికి ఆ తల ఊపు సరిపోయింది. ముగ్గురం బయటికి వచ్చి ఆటో ఎక్కాం. పలాస దాటగానే వాడు కూతురి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆ పిల్ల బ్యాగు నా ఒళ్ళో పెట్టి, ఎండ ఎక్కుతున్న జీడితోటల వైపు చూస్తూ కూర్చుంది. వాడి మణికట్టు మాత్రం వదల్లేదు.